నవంబరు ఒకటవ తేది

పంచాంగమును విప్పి చూచినచో నవంబరు ఒకటవ తేదికి నియతమైన తిథి లేదు, నక్షత్రము లేదు, పర్వము లేదు. ఒక యేట నది యాశ్వయుజ బహుళమున బడును. మఱియొక యేట కార్తిక శుద్ధమున బడును. దీపావళికి ఒకమారు ముందుగను, ఒకమారు వెనుకగను వచ్చుచు, ముహూర్తము పెట్టు సిద్ధాంతికిగాని, నోము పట్టు ఇల్లాలికిగాని పట్టనిదై, పరదేశము నుండి వచ్చిన క్యాలెండరులో మాత్రమే నిలిచియుండు దినమది. అట్టి దినము భారతదేశపు ఆధునిక చరిత్రలో మాటిమాటికి తలయెత్తుట చూచువారికి వింతగ దోచును. 1858లో ఆ తేదినే ఇంగ్లండు రాణి పేర ఈ దేశపు ప్రభుత్వము మాఱెను. 1913లో ఆ తేదినే సముద్రములకావల నొక విప్లవ పత్రిక పుట్టెను. 1954లో ఫ్రెంచి పతాకము దిగెను. 1956లో దేశపటమంతయు క్రొత్తగ గీయబడెను. 1966లో నొకటియు, 2000లో నొకటియు క్రొత్త రాష్ట్రములు వెలసెను.

ఇన్ని ఘటన లొక్క తేదిని జరుగుట కేవలము కాకతాళీయమని తీసివేయుట సులభమే. నెల మొదటి దినము జీతములకును, జమాఖర్చులకును, దస్త్రముల యొప్పగింతకును అనుకూలమైన దగుటచే, అధికారము చేతులు మాఱవలసినపుడెల్ల ప్రభుత్వములు అట్టి తేదినే యెన్నుకొనుట పరిపాటి. కాని ఈ ఘటనలను వరుసగ నొకదానిప్రక్క నొకదానిని నిలిపి చూచినపుడు, వాని నన్నింటిని గ్రుచ్చిన సూత్ర మొకటి కానవచ్చును: ఆ సూత్రము వాగ్దానము. ఈ తేదిని ఏలినవారు ఏలుబడిలోనివారికి మాట యిచ్చిరి. లేదా, ఇచ్చిన మాట తప్పినందులకు ప్రజలు బదులు చెప్పిరి. ఆ దృష్టితో ఈ దినచరిత్రను ఒక్కమారు తిరుగవేయుట యీ వ్యాసమున కుద్దేశము.

మొదటి వాగ్దానము ప్రయాగలో వెలువడినది. 1858 నవంబరు 1న అలహాబాదు దర్బారులో గవర్నరు జనరలు కానింగు ప్రభువు, విక్టోరియా రాణి పేర వ్రాయబడిన ప్రకటనమును చదివి, తూర్పు ఇండియా కంపెనీ పరిపాలనము ముగిసినదనియు, ఇకపై నీ దేశమును రాణియే స్వయముగ నేలుననియు చాటెను. 1611లో మన మచిలీపట్టణపు రేవున వర్తకశాల పెట్టి, అద్దకపు బట్టలకు బేరమాడుచు తెలుగునేలపై నడుగిడిన కంపెనీ, 1766లో ఉత్తర సర్కారులకును, 1800లో దత్తమండలములకును యజమానురాలై, చివరకు 1857నాటి మహావిప్లవాగ్నిలో తన యధికారమును కోల్పోయి, ఆ దినమున తెరమఱుగయ్యెను. అంతకు మూడు వారములకు పూర్వమే, అనగా అక్టోబరు 7న, వృద్ధుడైన బహదూర్ షా జఫరును బండ్లపై నెక్కించి ఢిల్లీనుండి ప్రవాసమునకు పంపియుండిరి; ప్రయాగలో క్రొత్త సార్వభౌమత్వము ప్రకటింపబడుచున్న వేళ, తుదిమొగలు చక్రవర్తి యింకను రంగూనునకు చేరక దారిలోనే యుండెను.

ఆ ప్రకటనమున నేమున్నది? స్వదేశ సంస్థానాధీశులతో కంపెనీ చేసికొన్న సంధుల నన్నింటిని గౌరవింతుమనియు, ఉన్న రాజ్యమును పెంచుకొను కోరిక తమకు లేదనియు, ప్రజల మతవిశ్వాసములలో జోక్యము కలిగించుకొనమనియు, జాతిమతముల నెంచక విద్యయు, సామర్థ్యమును, సత్ప్రవర్తనమును గల వారినెల్ల ప్రభుత్వోద్యోగములలోనికి స్వేచ్ఛగ చేర్చుకొందుమనియు, ఆంగ్లేయ ప్రజలను హత్య చేయుటలో పాల్గొనినవారు తప్ప తక్కిన తిరుగుబాటుదారుల నెల్ల క్షమింతుమనియు అందు చెప్పబడెను. మృదువైన మాటలు. తూర్పుదేశపు కోట్లాది ప్రజలతో నొక స్త్రీ, అందును సార్వభౌమురాలు, మాటలాడుచున్నదను సంగతి మఱవక వ్రాయవలెనని రాణి తన మంత్రిని హెచ్చరించి చిత్తును మార్పించినదట. అది దేశభాషలలోనికి మార్పబడి ముఖ్యపట్టణములన్నింట చదువబడెను.

అయితే మాటలోని మెత్తదనమును చూచి మోసపోనివారును అప్పుడే యుండిరి. అవధ్ సీమలో నింకను కత్తి దింపక పోరాడుచుండిన బేగము హజ్రత్ మహలు, ఈ ప్రకటనమునకు ప్రతిగ మఱియొక ప్రకటనమును వెలువరించి, కంపెనీ ఉద్యోగులే రాణి ఉద్యోగులైనపుడు, కంపెనీ చట్టములే రాణి చట్టములైనపుడు, మాఱిన దేమని ప్రశ్నించెను. కంపెనీవారు భంగపఱచిన సంధులను రాణి గౌరవించుటలో నర్థమేమని యడిగెను. ఆమె ప్రశ్న నిరుత్తరముగనే మిగిలెను. కంపెనీ వాటాదారులకు చెల్లవలసిన లాభాంశమును, కంపెనీ అప్పులును భారతదేశపు రాబడిపైననే మోపబడెను; 1874లో ఆ కంపెనీ పూర్తిగ రద్దగు వఱకును మన రైతు కట్టిన శిస్తులోనుండియే లండను వర్తకులు తమ వంతు నందుకొనుచుండిరి. ఇక సమానోద్యోగముల మాటకు వచ్చినచో, సివిలు సర్వీసు పరీక్ష లండనులోనే జరుగుచుండెను. దానికి గరిష్ఠవయస్సు 1876లో పందొమ్మిదేండ్లకు దింపబడెను. సముద్రము దాటి, పరాయిభాషలో, పందొమ్మిదేండ్లలోపల ఆ పరీక్ష నెగ్గవలెననుట, తలుపు తెఱచియుంచి గడపను మనిషియెత్తు కట్టుట వంటిది.

కాని చరిత్రలో వాగ్దానమునకు ఒక విచిత్రమైన గుణము కలదు. ఇచ్చినవాడు మఱచినను పుచ్చుకొన్నవాడు మఱవడు. తొలితరపు కాంగ్రెసు నాయకులు ఆ రాణి ప్రకటనమును తమ హక్కుల పత్రముగ చేసికొని, సభాతీర్మానములలోను, విన్నపములలోను దానినే యేలినవారి యెదుట విప్పి చూపుచుండిరి. ఇల్బర్టు బిల్లు వచ్చినపుడు, అనగా 1883లో, తెల్లవారిని విచారించుటకు భారతీయ న్యాయాధికారు లర్హులు కారని ఆంగ్లేయసమాజ మంతయు గగ్గోలు చేసిన వేళ, ఈ దేశపు విద్యావంతులు ఆ పాతకాగితమును మఱల చదివికొని, అందలి సిరా యెంత పలుచనిదో యెఱిగిరి.

పత్రములు చూపి విన్నవించుకొనుట వ్యర్థమని తేల్చినవారు, అదే నవంబరు ఒకటవ తేదిని, ఏబదియైదేండ్ల పిమ్మట, అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కో నగరమున ‘గదర్’ పత్రికను వెలువరించిరి. 1913 నవంబరు 1న దాని తొలిసంచిక ఉర్దూలో వచ్చెను. కొలది వారములకే గురుముఖి ప్రతియు వెలువడెను. రంపపు మిల్లులలోను, తోటలలోను చెమటోడ్చు పంజాబు రైతుబిడ్డలు దానికి డబ్బు సమకూర్చిరి. సోహన్ సింగు భక్నా వారి సంఘమునకధ్యక్షుడు, లాలా హరదయాళుడు పత్రికకు కలము. తిరుగుబాటు అనునదే ఆ పేరున కర్థము. 1857నాటి యుద్ధమున కాంగ్లేయులు నిందగ నుంచిన పదమునే వీరు బిరుదముగ ధరించిరి. బ్రిటిషు సామ్రాజ్యపు ప్రజలందఱు రాణికి సమానులే యని 1858లో విన్న తండ్రుల కుమారులు, అదే సామ్రాజ్యమునకు చెందిన కెనడాలో దిగబోయి త్రిప్పిపంపబడిరి. 1914లో 376మంది ప్రయాణికులతో వాంకూవరు చేరిన కోమగటమారు ఓడ కథ లోకవిదితము. సైన్యములలో తిరుగుబాటు లేవదీయవలెనని స్వదేశమునకు తిరిగివచ్చిన గదరువీరులలో పందొమ్మిదేండ్ల కర్తార్ సింగు సరాభా 1915 నవంబరులో లాహోరు చెఱసాలలో ఉరికంబ మెక్కెను.

ఆ యుద్యమమున తెలుగువాడును లేకపోలేదు. కనిగిరిప్రాంతమునుండి చదువునకై అమెరికా వెళ్లిన దరిశి చెంచయ్యగారు గదరుదళమున చేరి, తూర్పుదేశములలో పట్టువడి, పెక్కేండ్లు కారాగారవాస మనుభవించి, తిరిగివచ్చిన పిదప సంఘసంస్కరణోద్యమములలో పాటుపడి, తన బ్రతుకును ‘నేనూ నా దేశం’ అను గ్రంథమున వ్రాసికొనిరి. పంజాబువారి పొలములకును, పసిఫిక్ తీరమునకును, మన కనిగిరి మెట్టనేలలకును నడుమ ఆ పత్రిక కట్టిన వంతెన ఇంకను చదువరుల కంటబడక యుండుట విచారకరము.

మూడవ ఘట్టము మన గౌతమీతీరమునకే వచ్చినది. ఆంగ్లేయులు 1947లో వెడలిపోయినను, పుదుచ్చేరి, కారైకాలు, మాహే, యానాము అను నాలుగు తావులలో ఫ్రెంచిపతాకము ఎగురుచునే యుండెను. కాకినాడకు సమీపమున, చుట్టును తూర్పుగోదావరి మండల మావరించియుండ, ముప్పది చదరపు కిలోమీటర్ల యానాము పరదేశమై నిలిచినది. శారదాచట్టము 1930లో అమలునకు వచ్చి బాల్యవివాహములను నిషేధించినపుడు, చుట్టుపట్ల గ్రామములవారు బండ్లు కట్టుకొని, పడవలెక్కి, పసిపిల్లల పెండ్లిండ్లకు యానాము చేరుకొనెడివారు. ఆ యూరికి కల్యాణపురమను పేరును కలిగెను. బ్రిటిషువారి చట్టము సరిహద్దు దాటలేదు. తెలుగువారి దురాచారము మాత్రము సునాయాసముగ దాటెను. దేశపటముపై నొక గీత యెంత బలహీనమో, ఎంత బలవంతమో, ఇంతకన్న చక్కగ తెలుపు నుదాహరణము దుర్లభము.

1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్యగారి నాయకత్వమున దేశభక్తులు యానామును వశపఱచుకొనిరి. తక్కిన తావులలోను ఆందోళనము పెరుగగా, అక్టోబరు 18న పుదుచ్చేరి సమీపమందలి కీళూరులో ప్రజాప్రతినిధులు సమావేశమైరి; ఓటు గలవారు 178మంది, భారతదేశమున చేరవలెనన్నవారు 170మంది, వలదన్నవారు 8మంది. అంతట 1954 నవంబరు 1న ఆ నాలుగు తావుల పరిపాలనము భారతప్రభుత్వపు చేతికి వచ్చెను. రెండువందల యెనుబదేండ్ల క్రిందట ఫ్రాన్స్వా మార్తెను పునాదివేసిన ఏలుబడి, ఫిరంగి మ్రోగకయే, ఓట్ల లెక్కతో ముగిసినది. ప్రయాగలో రాణి చెప్పినది ప్రజలు వినిరి. కీళూరులో ప్రజలు చెప్పినది పారిస్ వినెను. తొంబదియాఱేండ్లలో మాట పలుకువారును వినువారును తమ స్థానములను మార్చుకొనిరి. ఐనను, ఒప్పందము చట్టరీత్యా ధ్రువపడుటకు 1962 ఆగస్టు 16 వఱకును వేచియుండవలసివచ్చెను.

ఇక నవంబరు ఒకటవ తేదికి పట్టాభిషేకము జరిగినది 1956లో. భాషారాష్ట్రములను కాంగ్రెసు 1920 నుండియే తన సొంత నిర్మాణమున నంగీకరించియుండెను. కాని స్వతంత్రము వచ్చిన పిదప, దేశము చీలునేమోయను భయమున ఆ మాటను ప్రక్కకు నెట్టెను. ఆ తాత్సారమును భంగించినవాడు పొట్టి శ్రీరాములు. ఆయన మదరాసులో ఏబదియెనిమిది దినములు నిరాహారుడై, 1952 డిసెంబరు 15న ప్రాణములు విడిచెను. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగ ఆంధ్రరాష్ట్ర మేర్పడెను. ఒకరికి దొరకినది తక్కినవారికేల దొరకగూడదని దేశమంతట అలజడి చెలరేగగా, ఫజలలీ అధ్యక్షుడుగను, హృదయనాథ కుంజ్రూ, సర్దార్ పణిక్కరు సభ్యులుగను రాష్ట్రపునర్విభజన సంఘము నియమితమై, లక్షన్నరకు మించిన విజ్ఞాపనములను చదివి, తొమ్మిదివేలమందికి పైగా జనులతో మాటలాడి, 1955 సెప్టెంబరు 30న తన నివేదికను సమర్పించెను. దానిపై పార్లమెంటు చేసిన చట్టము 1956 నవంబరు 1న అమలునకు వచ్చెను. ఎ, బి, సి, డి అని దస్త్రములకు వలె తరగతులు కట్టబడిన రాష్ట్రములు పోయి, 14 రాష్ట్రములును, 6 కేంద్రపాలిత ప్రాంతములును మిగిలినవి. పూర్వసంస్థానాధీశులకు మిగిలిన రాజప్రముఖ పదవియే అంతరించెను.

ఆ యొక్కదినమున జరిగిన మార్పులు తలచుకొన్న కొలదియు నాశ్చర్యము గొల్పును. తిరువాన్కూరు, కొచ్చి, మలబారులు కలిసి కేరళమయ్యెను. మలయాళసీమలోని కన్యాకుమారి ప్రాంతపు తాలూకాలు తమిళులకు చేరినవి. బొంబాయి, హైదరాబాదు, మదరాసు రాష్ట్రములలో చెదరియున్న కన్నడ జిల్లాలును, కొడగును మైసూరుతో కలిసెను. ఆ రాష్ట్రమే మఱల 1973లో, ఇదే తేదిని, కర్ణాటకమను పేరు ధరించెను. భోపాలు రాజధానిగ క్రొత్త మధ్యప్రదేశ మేర్పడెను. ఇక హైదరాబాదు రాష్ట్రము మూడుగ చీలినది: మరాఠ్వాడా జిల్లాలు బొంబాయికి, గుల్బర్గా, రాయచూరు, బీదరు మైసూరునకు, తెలంగాణము ఆంధ్రమునకు. 1724 నుండి వచ్చిన అసఫ్‌జాహీ వంశమున కడపటివాడైన మీర్ ఉస్మానలీఖానునకు రాజప్రముఖ పదవి రూపమున మిగిలిన లాంఛనమును ఆనాటితో ముగిసెను. ఇరువది జిల్లాలతో, నీలం సంజీవరెడ్డి ముఖ్యమంత్రిగ, హైదరాబాదు రాజధానిగ ఆంధ్రప్రదేశ మవతరించెను.

విశాలాంధ్రమును కలగనినవారి కది కలల పంట. కాని పంట నింటికి తెచ్చుకొనుటకు ముందు చేసికొన్న కౌలుపత్ర మొకటి యున్నది. పునర్విభజన సంఘము తెలంగాణమును కొంతకాలము వేఱుగ నుంచి, 1961 ప్రాంతపు ఎన్నికల తరువాత ఆ శాసనసభలో మూడింట రెండువంతులవా రంగీకరించినచో కలుపవచ్చునని సూచించియుండెను. విద్యలోను, ఉద్యోగములలోను ముందంజ వేసిన కోస్తావారి వెల్లువలో తాము కొట్టుకొనిపోవుదుమను భయము తెలంగాణమువారికి నిజముగ నుండెను. ఆ భయమును తీర్చుటకే 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో ఉభయప్రాంత నాయకులు పెద్దమనుషుల ఒప్పందముపై చేవ్రాళ్లు చేసిరి: తెలంగాణపు మిగులురాబడి తెలంగాణమునకే; ఉద్యోగములలో స్థానికులకు రక్షణ; ముఖ్యమంత్రి యొక ప్రాంతమువాడైనచో ఉపముఖ్యమంత్రి రెండవ ప్రాంతమువాడు. తొలి మంత్రివర్గమందే ఆ ఉపముఖ్యమంత్రి స్థానము ఖాళీగ నుండెను. పునాదిరాయి వేసిన నాడే సున్నము తక్కువ కలిపినట్లైనది. 1969లో తెలంగాణమున, 1972లో ఆంధ్రమున లేచిన యుద్యమములు ఆ కొఱవడిన సున్నమునే చూపినవి. 2014 జూన్ 2న, ఏబదియేడేండ్ల యేడునెలల కాపురము ముగిసెను. భాష యొక్కటైనంతనే ఇల్లు నిలువదనియు, ఇచ్చిన మాట నిలిచినపుడే భాష యిల్లగుననియు ఈ చరిత్ర మనకు నేర్పినది. విడిపోయినందులకు వగచుటకన్న, వ్రాసికొన్న షరతులను చదువకయే దస్త్రమున మడిచి పెట్టినందులకు వగచుట న్యాయము.

1966 నవంబరు 1న పంజాబు విభజింపబడి హర్యానా పదునేడవ రాష్ట్రముగ వెలసెను. 1955లో పునర్విభజన సంఘము నిరాకరించిన పంజాబీ సుబా, అనగా పంజాబీభాషా రాష్ట్రము, పదునొకండేండ్ల యాందోళనము పిమ్మట సిద్ధించెను. కాని చండీగఢు ఉభయులకును రాజధానియై కేంద్రపుచేతిలో నిలిచెను. దానిని పంజాబునకిత్తుమని 1970లో నొకమారు, 1986 జనవరి 26 నాటికి ఇత్తుమని 1985 ఒడంబడికలో నొకమారు చెప్పిరి. నేటికిని అది యట్లే యున్నది. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢము, నలువదినాలుగేండ్ల క్రిందట అదే తేదిని క్రొత్తగ నేర్పడిన మధ్యప్రదేశమునుండి, అదే తేదిని వేఱుపడెను.

ఈ రెండింటి నడుమ, 1984 నవంబరు 1వ తేది నిలిచియున్నది. దానిని దాటిపోవుట వ్యాసకర్తకు తగదు. ముందునాడు ప్రధానమంత్రి ఇందిరాగాంధి తన యంగరక్షకులచేతనే హతురాలు కాగా, ఆ దినమున రాజధానిలో మూకలు సిక్కుల యిండ్లపై బడి, ఇనుపకడ్డీలతోను కిరసనాయిలుతోను చంపినవి. ఢిల్లీ నగరమొక్కదాననే మడిసినవారు ప్రభుత్వపు లెక్క ప్రకారము 2,733మంది. ప్రతి రాజ్యమును తన ప్రజకు చేయు మొట్టమొదటి వాగ్దానము ప్రాణరక్షణము. ప్రయాగలో రాణి చేసినదియు, 1950లో మన సంవిధానము చేసినదియు ఆ మాటే. ఆ దినమున ఆ మాట ఢిల్లీవీథులలో పడిపోయెను. రాష్ట్రావతరణములకు తోరణములు కట్టు తేది, కొందఱి యిండ్లలో దీపము పెట్టుకొని కన్నీరు కార్చు తేది యగుట మఱవరానిది.

తేదులకు స్వతహాగ గుణదోషములు లేవు. నవంబరు ఒకటి శుభదినమో అశుభదినమో సిద్ధాంతి చెప్పజాలడు. ఆ నాడు పలికిన మాట తరువాతి యేండ్లలో ఎట్లు నడచినదో చూచి చరిత్రకారుడు చెప్పవలెను. 1858నాటి మాట వ్రాతకే పరిమితమై విప్లవమును కన్నది. 1954నాటి మాట ఓట్లపై నిలిచినందున కలహము లేకయే చెల్లినది. 1956నాటి మాట సగము చెల్లి సగము బాకీపడినది.

2014 తరువాత ఆంధ్రప్రదేశ ప్రభుత్వము కొన్నియేండ్లు నవంబరు ఒకటిని రాష్ట్రావతరణదినముగ జరుపుట మానెను. 2019లో మఱల జరిపెను. గోదావరి కాలువలకావల యానాములో మాత్రము, రెండు తెలుగు రాష్ట్రములలో దేనిలోను చేరక, పుదుచ్చేరి ప్రభుత్వము క్రింద నుండియే, తెలుగువారు ప్రతి నవంబరు ఒకటిని విమోచనదినముగ పాటించి, మువ్వన్నెల పతాకము నెత్తుచున్నారు.